జాబితాలో లేని పిల్లలు: కరోనా కాలంలో వలస, శరణార్థి కుటుంబాల గురించి

(ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఉపాధ్యాయ మిత్రులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇలా ఒకే గదిలో కూర్చోవడం అరుదు. మీ అందరి పనీ చివరికి ఒకే పిల్లవాడి దగ్గర కలుస్తుంది కాబట్టి ఈ రోజు ఆ పిల్లవాడి గురించే మాట్లాడతాను. నేను పెద్దపల్లి ప్రాంతంలో బడిపంతులుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. ఇటుక బట్టీల పిల్లలను ఉద్యోగ కాలమంతా రోడ్డు మీద నుంచి చూశాను. వాళ్ల గుడిసెల దాకా నడిచి వెళ్లింది మాత్రం 2020 ఏప్రిల్‌లో, కరోనా వచ్చిన తర్వాతే. అంత ఆలస్యంగా వెళ్లానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

లాక్‌డౌన్ మొదలైన మూడో వారంలో మేము నలుగురం కలిసి బియ్యం, కందిపప్పు, నూనె ప్యాకెట్లు ట్రాలీ ఆటోలో వేసుకుని ఒక బట్టీకి వెళ్లాం. బట్టీ గుమాస్తా మా చేతికి ఒక జాబితా ఇచ్చాడు. పేరు, ఊరు, ముఠా సర్దారు (కూలీలను కుదిర్చి తెచ్చే మేస్త్రీ) పేరు, తీసుకున్న అడ్వాన్సు, అన్నీ వరుసగా రాసి ఉన్నాయి. గుడిసెల మధ్య పిల్లలు కనిపిస్తూనే ఉన్నారు, జాబితాలో మాత్రం ఒక్క పిల్లవాడి పేరూ లేదు. అడిగితే ఆయన, "పని చేసెటోళ్ల పేర్లే రాసినం సార్, పిల్లల పేర్లు ఏడ రాయాలె?" అన్నాడు. ఆయన మాటలో దురుద్దేశం లేదు. ఆ జాబితా నమూనాలో పిల్లల కోసం గడి లేదు, అంతే. నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఆ లేని గడి గురించే.

బట్టీ పని తెలియనివాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్పాలి. పడమటి ఒడిశాలోని బలాంగీర్, నువాపడా, కలహండి, బర్గఢ్ జిల్లాల్లో కొత్త పంట పండుగ నువాఖాయి. వినాయక చవితి మరునాడు వచ్చే ఆ పండుగ రోజుల్లో సర్దారులు ఊళ్లలో తిరిగి కుటుంబాలకు అడ్వాన్సు ఇస్తారు. పంట పనులు అయ్యాక, ఏటా నవంబరు, డిసెంబరు నెలల్లో, ఆ కుటుంబాలు కాంటాబంజీ వంటి స్టేషన్లలో రైలెక్కి మన రాష్ట్రాలకు వస్తాయి. ముఠాను లెక్కగట్టే పద్ధతిని ఒడియాలో పథురియా అంటారు: మొగుడు, పెళ్లాం, వాళ్లతో ఒక పిల్లవాడు కలిస్తే ఒక పథురియా. మట్టి తొక్కేది ఒకరు, అచ్చు పోసేది ఒకరు, ఆరబెట్టిన పచ్చి ఇటుకలను తిరగేసేది పిల్లలు. ఆ ఇటుకల మీద నడిస్తే పెద్దవాళ్ల బరువుకు అవి విరిగిపోతాయి, పిల్లల బరువుకు విరగవు. కూలి వెయ్యి ఇటుకలకు ఇంత అని కడతారు. వారం వారం తిండి ఖర్చుకు కొంత చేతికిచ్చి, మిగతాది అడ్వాన్సుకు జమ వేసుకుని, వానలకు ముందు బట్టీ మూసేటప్పుడు హిసాబు (చివరి లెక్క) చేస్తారు. అంటే ఇటుకల లెక్కలో పిల్లవాడు ఉన్నాడు. వాడి చేతుల కష్టం వెయ్యిలో కలిసే ఉంది. బియ్యం పంచే రోజున మాత్రం వాడు లేడు.

2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటన వచ్చింది, అర్ధరాత్రి నుంచి దేశం ఆగిపోయింది. ఆ నాలుగు గంటల్లో ఇంటికి చేరగలిగినవాళ్లు చేరారు. పని ఉన్న చోటే ఇల్లు ఉన్నవాళ్లకు చేరడానికి వేరే ఇల్లు లేదు. తెలంగాణ ప్రభుత్వం మార్చి నెలాఖరులో వలస కూలీలకు మనిషికి 12 కిలోల బియ్యం లేదా గోధుమ పిండి, 500 రూపాయలు ఇస్తామని ప్రకటించింది. ఇతర రాష్ట్రాల కార్మికులను రాష్ట్ర నిర్మాణంలో భాగస్వాములని చెప్పి, రేషన్ కార్డు లేకపోయినా ఇస్తామనడం మంచి మాట, మంచి పని. నేను దాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే మనిషికి అని రాసిన ఉత్తర్వు మా కళ్ల ముందున్న బట్టీకి చేరేసరికి పని చేసే మనిషికి అని మారిపోయింది. ఇద్దరు పెద్దవాళ్లు, ముగ్గురు పిల్లలు ఉన్న గుడిసెకు 60 కిలోలు రావలసిన చోట 24 కిలోలు వచ్చాయి. ఎవరూ కాజేయలేదు, ఎవరూ అబద్ధం రాయలేదు. ఉన్న జాబితాను ఉన్నట్టే పై ఆఫీసుకు పంపారు.

వాళ్ల సొంత రేషన్ కార్డు ఏమైందని మీరు అడగవచ్చు. అది ఊళ్లో ముసలివాళ్ల దగ్గర ఉంది. దగ్గరే ఉన్నా ఇక్కడ పనికొచ్చేది కాదు. ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో సరుకు ఇచ్చే ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిని 2019 ఆగస్టులో మొదట ప్రయత్నించిన రాష్ట్రాల జంటల్లో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఉన్నాయి. ఒడిశా అందులో చేరింది 2020 జూన్‌లో. ఆకలి ఏప్రిల్, మే నెలల్లో వచ్చింది. కార్డు లేనివారికి కూడా మనిషికి 5 కిలోల ధాన్యం, కుటుంబానికి కిలో శనగలు రెండు నెలల పాటు ఇస్తామని కేంద్రం చెప్పింది మే 14న. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే, మధ్యలో ఉన్న ఏడు వారాలు ఆ పిల్లలు ఏం తిని ఉంటారో మీరే ఊహించుకోవచ్చు.

బియ్యం గురించి ఇంకొక్క మాట. పడమటి ఒడిశా కుటుంబాలకు ఉప్పుడు బియ్యం అలవాటు. వండిన అన్నంలో నీళ్లు పోసి ఉంచి, మరునాడు పఖాళగా తింటారు, మన చద్దన్నం లాగే. మేము తీసుకెళ్లిన పచ్చి బియ్యం అన్నం వాళ్ల చేతిలో మెత్తగా ముద్దయిపోయి, నీళ్లలో నిలవలేదు. అప్పటికి అది చిన్న విషయమనిపించింది. ఏడాది నిండని బిడ్డ ఉన్న ఒక తల్లి ఆ బియ్యాన్ని పక్కనబెట్టి, వంటచెరుకు ఉందా అని సైగ చేసి అడిగినప్పుడు మాకు తల తిరిగింది. బియ్యం ఉంది, వండడానికి కట్టెలు లేవు. బయటికి వెళ్లి ఏరుకుందామంటే ఊరివాళ్లు రోగం అంటిస్తారని పొలిమేరలో అడ్డం కట్టారు. రెండోసారి మేము వెళ్లినప్పుడు సగం బండి కట్టెలే. వాటితోపాటు పాలపొడి, సబ్బులు, ఆడపిల్లలకు అవసరమైన గుడ్డలు. వాళ్లకు ఏం కావాలో ముందే అడిగి ఉంటే మొదటిసారే ఇవన్నీ తీసుకెళ్లేవాళ్లం.

అడగాలంటే భాష కావాలి. అక్కడ గోడ మీద కరోనా జాగ్రత్తల పోస్టరు తెలుగులో ఉంది, ఇంగ్లీషులో ఉంది. ఒడియాలో తెప్పించినా పూర్తిగా సరిపోయేది కాదు, ఎందుకంటే ఇంట్లో వాళ్లు మాట్లాడేది సంబల్‌పురి. చదువు రానివాళ్లకు అక్షరం ఏదైనా ఒకటే. మాకు దారి చూపింది పన్నెండేళ్ల అమ్మాయి. మూడేళ్లుగా వస్తూ పోతూ బజారు తెలుగు నేర్చుకుంది. ఎవరికి జ్వరం, ఎవరి కడుపు చెడింది, ఎవరు నెలలు నిండిన మనిషి, అన్నీ ఆ పిల్ల నోటి గుండానే మాకు తెలిశాయి. అంత చిన్నపిల్ల మీద ఆ బరువు వేయడం తప్పని నాకు తర్వాత తట్టింది. తల్లి రోగం సంగతి, తండ్రి అప్పు సంగతి పరాయివాళ్లకు అనువదించి చెప్పడం పిల్లల పని కాకూడదు. మీలో ఎవరైనా ఇలాంటి చోటికి వెళ్లేటప్పుడు పెద్దవాళ్లలో ఒక దుబాసీని వెతుక్కుని వెళ్లండి. ఒడిశా నుంచి వచ్చి మన పట్టణాల్లో స్థిరపడినవాళ్లు ఉన్నారు, రైల్వేలో ఉన్నారు, ఫోన్‌లో మాట్లాడి సాయం చేసేవాళ్లు దొరుకుతారు.

బట్టీల దగ్గర ఒడియా మాధ్యమంలో పని స్థలం బడులు అంతకు ముందు నుంచే నడుస్తున్నాయన్న సంగతి చాలామందికి తెలియదు. ఒడిశా నుంచి పుస్తకాలు, ఒడియా వచ్చిన బోధకులు వచ్చేవారు. హైదరాబాద్ శివార్లలో 2017లో రాచకొండ పోలీసులు బట్టీల్లో పనిచేస్తున్న పిల్లలను విడిపించిన తర్వాత, మహేశ్ భగవత్ కమిషనర్‌గా ఉన్న కాలంలో, స్వచ్ఛంద సంస్థలతో కలిసి అలాంటి బడులు పెట్టించారు. ఆ బడి ఉన్న చోట లాక్‌డౌన్‌లో తేడా స్పష్టంగా కనిపించింది. అక్కడ హాజరు పట్టీ ఉంది. పట్టీలో పిల్లల పేర్లు, వయసులు, ఊళ్లు ఉన్నాయి. బియ్యం ఎంతమందికి, గుడ్లు ఎంతమందికి, టీకా ఎవరికి బాకీ అన్న ప్రశ్నలకు ఆ పట్టీ జవాబు చెప్పింది. చదువు చెప్పడానికి రాసుకున్న పట్టీ కష్టకాలంలో అన్నం పెట్టింది.

శరణార్థుల సంగతి దీనికన్నా చిక్కు. మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి, ముఖ్యంగా 2012 తర్వాత, ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన రోహింగ్యా కుటుంబాలు కొన్ని వేల మంది దాకా హైదరాబాద్ పాతబస్తీ అంచుల్లో, బాలాపూర్, షాహీన్‌నగర్, పహాడీ షరీఫ్ పరిసరాల్లో ఉంటున్నారు. మగవాళ్లు అడ్డా కూలీకి వెళ్తారు, చెత్త కాగితాలు, ప్లాస్టిక్ ఏరి అమ్ముతారు. లాక్‌డౌన్‌లో ఈ రెండూ ఒకే రోజు ఆగిపోయాయి. వలస కూలీకి తిరిగి వెళ్లడానికి ఊరుంది, రైలు ఎప్పుడొస్తుందన్నదే వాళ్ల ప్రశ్న. వీళ్లకు వెళ్లే ఊరు లేదు. చేతిలో ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషన్ ఇచ్చిన కార్డు మాత్రమే. 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై మన దేశం సంతకం చేయలేదు కాబట్టి, ఆ కార్డు చూపితే ఏ కౌంటరు దగ్గర ఏం దొరుకుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఆధార్ లేకపోతే సిమ్ కార్డు దొరకడం కష్టం, సిమ్ లేకపోతే ఆన్‌లైన్ పాఠం లేదు, ఆరోగ్య కేంద్రం నుంచి ఫోన్ రాదు. వాటన్నిటికీ తోడు ఆ నెలల్లో వాళ్ల మీద పడిన అనుమానపు చూపులు. జ్వరం వచ్చినా పరీక్షకు వెళ్లడానికి భయపడిన తల్లుల గురించి అక్కడ పనిచేసిన మిత్రులు చెప్పగా విన్నాను. ఒకసారి పారిపోయి వచ్చిన మనిషికి తలుపు దగ్గర యూనిఫాం కనిపిస్తే గుండె జారుతుంది. అందుకే అలాంటి బస్తీలకు ఆశా కార్యకర్త వెంట వాళ్లకు తెలిసిన మనిషి ఒకరు ఉండడం మందులంత అవసరం.

చట్టం మాత్రం ఇక్కడ మనం అనుకున్నదానికన్నా ఉదారంగా ఉంది. 2009 నాటి విద్యా హక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల ప్రతి బాలుడికీ, బాలికకూ అంటుంది; ఏ రాష్ట్రం, ఏ దేశం అని అడగదు. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షను చెబుతుంది, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 5వ సెక్షను చెబుతుంది. పిల్లల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో మనం 1992లోనే చేరాం, శరణార్థి పిల్లలకు రక్షణ అందులో ప్రత్యేకంగా ఉంది. ఏ గుర్తింపు కార్డూ లేనివారికి కరోనా టీకా ఎలా వేయాలో చెబుతూ కేంద్ర ఆరోగ్య శాఖ 2021 మే 6న విధానం విడుదల చేసింది. టీకాలు మొదలైన నాలుగు నెలలకు వచ్చిన ఆ కాగితం మొదటి రోజే వచ్చి ఉంటే ఎంత బాగుండేది! హెడ్‌మాస్టర్లకు నా విన్నపం: ఆధార్ నంబరు లేదని ఆన్‌లైన్‌లో పేరు ఎక్కకపోయినా, పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టండి. కంప్యూటరు గడి తర్వాత నింపుకోవచ్చు.

ఇదంతా పరాయివాళ్ల కథ అనుకోవద్దు. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి, సుగ్గికి (కోతల కాలపు వలసకు) అని కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వెళ్లి లాక్‌డౌన్‌లో కల్లాల దగ్గరే చిక్కుకుపోయాయి. శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు వేల మంది గుజరాత్‌లోని వేరావల్ రేవులో పడవల మీదే నెలకు పైగా గడిపి, ఏప్రిల్ చివర బస్సుల్లో బయలుదేరి ఇల్లు చేరారు. పాలమూరు గుంపులు ముంబై, పుణె నుంచి నడిచి వచ్చాయి. గల్ఫ్‌లో చిక్కుకున్న తండ్రుల కోసం జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో పిల్లలు ఎదురుచూశారు. మన పిల్లల పేర్లు ఎవరి జాబితాలో రాసి ఉన్నాయో వేరావల్‌లో, పుణెలో ఎవరైనా అడిగి ఉంటారా?

సుగ్గి పిల్లల విషయంలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. తల్లిదండ్రులు సుగ్గికి వెళ్లే నెలల్లో పిల్లలను ఊళ్లోనే ఉంచి చదివించే సీజనల్ హాస్టళ్లు. వాటి వల్ల పిల్లవాడు చేలో కాకుండా బడిలో ఉంటాడు. మహమ్మారి రాగానే బడులతో పాటు అవీ మూతపడ్డాయి. తల్లిదండ్రులు గుంటూరులో, పిల్లలు కోసిగిలో, మధ్యలో మూసిన రోడ్లు. బడి మూయాలన్న నిర్ణయం తీసుకునేటప్పుడు, బడే ఇల్లయిన పిల్లలు ఎక్కడికి వెళ్తారన్న ప్రశ్న వేరుగా వేసుకోవాలని ఆ వేసవి నేర్పింది.

ఇంటిదారి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. వలస కూలీలను ఇళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది 2020 మే 1న మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరింది. అంతకు రెండు వారాల ముందే, మన మిరప తోటల్లో పనిచేసి ఛత్తీస్‌గఢ్‌లోని సొంత ఊరికి అడవి దారిన నడిచి బయలుదేరిన 12 ఏళ్ల బాలిక, ఇల్లు దగ్గరపడ్డాక దారిలోనే ప్రాణం విడిచింది. ఆ వయసు పిల్ల ఐదో, ఆరో తరగతి చదువుతూ ఉండాలి. మన తోటలో కాయ కోసినంత కాలం ఆ పిల్ల ఉనికి మనలో ఎవరికీ పట్టలేదు. ఆ సెప్టెంబరులో పార్లమెంటులో అడిగినప్పుడు, దారిలో చనిపోయిన వలస కార్మికుల వివరాలు నమోదు కాలేదని ప్రభుత్వం జవాబిచ్చింది. పెద్దవాళ్ల చావులకే లెక్క లేని చోట పిల్లల సంగతి చెప్పేదేముంది?

మా బట్టీ కుటుంబాలు కదిలింది ఇంకా తర్వాత. గ్రామాల్లోని ఇటుక బట్టీలు ఏప్రిల్ 20 నుంచి పని చేసుకోవచ్చని కేంద్రం మార్గదర్శకాల్లో చెప్పడంతో పని మళ్లీ మొదలైంది, పిల్లలు మళ్లీ ఇటుకలు తిరగేశారు. హిసాబు తేలి రైలెక్కి ఊరు చేరాక, ఒడిశాలో క్వారంటైన్ కేంద్రాలు పెట్టింది ఎక్కువగా పాఠశాలల్లోనే. ఆరేడు నెలలు బడికి దూరమైన పిల్లలు చివరికి తమ బడికే చేరారు, తరగతి గదిలో చాపల మీద పద్నాలుగు రోజులు పడుకోవడానికి. మా దుబాసీ అమ్మాయి ఫోన్‌లో ఆ సంగతి చెప్పింది. నల్లబల్ల మీద మార్చిలో రాసిన పాఠం అలాగే ఉందట. దాన్ని చూసి చదువుకున్నానంది.

ఇక్కడ మిగిలిన పిల్లలకు బడి వేరే రూపంలో వచ్చింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్లలో 3 నుంచి 10వ తరగతి దాకా పాఠాలు ప్రసారమయ్యాయి. టీచర్లు చాలా శ్రమపడ్డారు, ఇంటింటికీ తిరిగి వర్క్‌షీట్లు ఇచ్చారు, అది నేను చూశాను. కానీ టీవీ లేని గుడిసెలో, తెలుగు రాని పిల్లకు, ఆ పాఠం పక్కింటి చప్పుడు మాత్రమే. ప్రాథమిక తరగతుల పిల్లలు 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబరు దాకా బడి గడప తొక్కలేదు. ఆరేళ్ల వయసులో బట్టీకి వచ్చిన పిల్లవాడు ఎనిమిదేళ్లకు ఏ భాషలోనూ అక్షరం రాకుండా మిగిలాడు.

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఒక ప్రశ్న అడిగింది: మీ దగ్గర వలస పిల్లలు ఎంతమంది ఉన్నారు, వాళ్ల స్థితి ఏమిటి? మహమ్మారి వచ్చి ఏడాది దాటాక కూడా అది అడగవలసిన ప్రశ్నగానే మిగిలింది. ఆ జూన్ 29న ఇచ్చిన తీర్పులో జులై 31 కల్లా రేషన్ పోర్టబిలిటీ (కార్డుతో ఎక్కడైనా సరుకు తీసుకునే వీలు) అన్ని రాష్ట్రాల్లో అమలు కావాలని, అసంఘటిత కార్మికుల నమోదు ఆ తేదీలోగా మొదలుపెట్టి డిసెంబరు 31 కల్లా పూర్తి చేయాలని కోర్టు ఆదేశించింది. ఆ నమోదు కోసం ఆగస్టులో ఈ-శ్రమ్ పోర్టల్ వచ్చింది. దాన్ని స్వాగతిస్తూనే గుర్తుచేస్తున్నాను: ఈ-శ్రమ్‌లో చేరాలంటే 16 ఏళ్లు నిండాలి. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, 2025 నవంబరులో రద్దయ్యేదాకా, ఇవ్వమన్న పాస్‌బుక్‌ కూడా కార్మికుడికే. కార్మికుణ్ణి లెక్కించడానికైనా ఏర్పాట్లు చేశారు. పిల్లలను లెక్కించే పని ఇంకా మన మీదే, అంటే ఈ గదిలో కూర్చున్నవాళ్ల మీదే ఉంది.

ఆ పని అంత పెద్దది కూడా కాదు. అంగన్‌వాడీ టీచరమ్మలకు తెలుసు, మీ కేంద్రం పరిధిలో బట్టీ ఉంటే అక్కడి గర్భిణి, బాలింత, ఆరేళ్లలోపు బిడ్డ మీ సర్వేలో ఉండవలసినవాళ్లే. బాలామృతం, గుడ్లు, ఆరోగ్య లక్ష్మి భోజనం ఇవ్వడానికి ముందు వాళ్లు మీ రిజిస్టరులో ఎక్కాలి. సీజను మొదట్లోనే ఎక్కిస్తే ఇండెంటులో సరుకు వస్తుంది. ఆపద వచ్చాక ఎక్కిస్తే వచ్చే నెల దాకా ఆగాలి. ఏఎన్ఎం గారు టీకా కార్డు రాసి తల్లి చేతికే ఇవ్వాలి, గుమాస్తా దగ్గర ఉంచకూడదు. బడిపంతులు చేయవలసింది, వెళ్లేటప్పుడు పిల్లవాడు ఇక్కడ ఎన్ని రోజులు చదివాడో, ఎక్కడిదాకా వచ్చాడో ఒక కాగితం మీద రాసి ఇవ్వడం. ఆ కాగితం లేక, ఊరికి తిరిగి వెళ్లిన పిల్లలు అక్కడి బడిలో మళ్లీ మొదటికి వస్తున్నారు. ఎక్కడైనా పిల్లలను పనిలో పెట్టినట్టు, కొట్టినట్టు కనబడితే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయడానికి సంకోచించకండి. యజమానితో మొహమాటాలు ఉంటాయని నాకు తెలుసు, నాకూ ఉండేవి.

నువాఖాయి అయిపోయింది. నవంబరు రెండో వారానికి మన చుట్టుపక్కల బట్టీల్లో కొత్త గుడిసెలు లేస్తాయి. బయట బల్ల మీద ఒక ఫారం పెట్టించాను, ఒక వైపు తెలుగులో, ఇంకో వైపు ఒడియాలో ఉంది. గుడిసెకు ఒకటి. అందులో మొదటి గడి ఇంటి పెద్ద పేరు కాదు, ఇంట్లో అందరికన్నా చిన్నబిడ్డ పేరు. కింద వయసు, టీకా, ఊళ్లో చదివిన బడి, ఇంట్లో మాట్లాడే భాష, రాత్రిపూట అవసరమైతే ఫోన్ చేయగల ఒక నంబరు. మీ పరిధిలో ఎన్ని గుడిసెలుంటాయో అంచనా వేసుకుని అన్ని ఫారాలు తీసుకెళ్లండి. డిసెంబరు మొదటి ఆదివారం ఇదే గదిలో వాటిని కలిపి చూద్దాం.